దించుడు

ముందు చక్రాలు రెండూ గాలిలోనే ఉన్నాయి. ఒకటి ఆగిపోయింది, ఇంకొకటి మెల్లగా తిరుగుతూనే ఉంది, ఇంజను రెండుసార్లు దగ్గి తనంతట తానే ఊరుకుంది, బస్తాల మీది నుంచి లేచిన చింతపండు దుమ్ము ఇంకా కిందికి దిగలేదు, వాసవాంబకు మాత్రం మొట్టమొదట వచ్చిన ఆలోచన, ఇంట్లో అన్నం గిన్నె మీద మూత పెట్టి వచ్చానా లేదా అని. పెట్టే ఉంటుంది, పెళ్లయిన నాటి నుంచీ పెడుతూనే ఉంది కదా. ఆ తర్వాత గాని తానెక్కడుందో చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే గుండెల మీద బరువు తెలిసింది. బండి తోక మీద నిలబడింది. సామాను కట్టుకునే వెనక ఇనప కడ్డీలు నేలకు ఆని, వెనక చక్రాలు నేలను పట్టుకుని, ముందు భాగమంతా రేకుల కప్పు వైపు లేచి, సీటు వచ్చి ఆమె మీద ఒరిగింది. వీపు వెనక ఖాళీ గోనె సంచుల దొంతర, దాని వెనక గోడ, ముందు బండి. ఆమె కూర్చున్నదీ కాదు, పడుకున్నదీ కాదు. ఎడమ కాలు మడుచుకుని బయటే ఉంది గాని కుడి పాదం ఇనప కడ్డీ కింద ఇరుక్కుంది, కొడుకు అక్షయ్ పాత బూట్లు వేసుకోబట్టి ఎముక ఇంకా ఎముకలాగే ఉన్నట్టుంది. హ్యాండిలు తలకు పైన, చేయి చాస్తే అందే ఎత్తులో ఉంది. ఇన్ని శుక్రవారాలుగా కన్ను మూసి తెరిచేంతసేపు కూడా లేచి నిలబడని బండి ఇప్పుడు ఎంత బతిమాలినా దిగనంటోంది. యాభై దాటిన ఆడమనిషి, చింతపండు టోకు వ్యాపారుల ఇంటి కోడలు, ఉస్మాన్‌గంజ్‌లో సొంత గోదాంలో షట్టర్ దించుకుని, లోపలి నుంచి గడియ పెట్టుకుని, నాలుగు చక్రాల ఏటీవీని రెండు చక్రాల మీద నిలబెట్టింది, శభాష్ అనడానికి ఒక్క మనిషి లేడు.

మనిషి ఉండకూడదనే కదా శుక్రవారం ఎంచుకుంది. మామూలు రోజుల్లో ఈ గల్లీలో ఒకరి మాట ఇంకొకరికి వినపడాలంటే చెవి దగ్గరికి పోవాలి, ట్రాలీ ఆటోల హారన్లు, హమాలీల కేకలు, కాంటా మీద బస్తా పడ్డ చప్పుడు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఒక గంటసేపు అంతా సద్దుమణుగుతుంది. హమాలీలు భుజం మీది తువ్వాలు దులుపుకుని నమాజుకు పోతారు, ఎదుటి షాపులు సగం షట్టర్లు దించుకుంటాయి, మసీదు మైకులో నమాజుకు ముందు చెప్పే ప్రసంగం, బయాన్, మొదలవుతుంది. ఇప్పుడూ అదే వినపడుతోంది, మాటలు తెలియడం లేదు, ఎవరో పెద్దాయన ఓపికగా ఎవరికో నచ్చజెబుతున్నట్టు ఆ గొంతు ఎక్కుతూ దిగుతూ రేకుల సందుల్లోంచి వస్తోంది. అరిస్తే? అరిస్తే ఎవరో ఒకరు వస్తారు, రాకేం, పక్క గల్లీలో మార్వాడీ షాపులవాళ్లు ఉండనే ఉన్నారు. షట్టర్ కోస్తారు. కోసి చూస్తారు. చుడీదారు, మగపిల్లవాడి బూట్లు, నెత్తిన హెల్మెట్టు, వెంకటనారాయణ శేఠ్ భార్య, ఆయన నడుము విరిచిన బండి కిందనే. ఆ మాట సాయంత్రానికల్లా నయాపూల్ దాటి ఘాన్సీబజార్ చేరుతుంది, ఇంటికి ఆమెకన్నా ముందే పోతుంది. ఫోను ఉంది, కుర్తా ఎడమ జేబులో, సీటు అంచు దాన్ని తొడకేసి నొక్కి పట్టింది, కష్టపడితే తీయొచ్చు. తీసి ఎవరికి చేస్తుంది? అక్షయ్‌కి చేస్తే పరుగెత్తుకొస్తాడు, వచ్చి ఒక్క మాట అనడు, అనకుండానే బండిని పాత ఇనుమువాడికి తోలించి గోదాం తాళంచెవి తన జేబులో వేసుకుంటాడు. బండి కొన్నది వాడే. చేవెళ్ల దగ్గర మామిడితోటలో తిరగడానికి నాన్నకు సరదాగా ఉంటుందని కొన్నాడు. నాన్న పడిన నాటి నుంచి వాడు నాన్న గదిలో కూర్చోలేదు, ఏదో పని మీద వచ్చినట్టు గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్లిపోతాడు. కన్నతల్లి కూడా ఆ బండి కిందే ఉందని వాడికి చూపించడం కన్నా ఈ పాదం పోవడమే నయమనుకుంది, అనుకున్నాక పాదం సంగతి గుర్తొచ్చి నిజంగానే భయం వేసింది.

కడుపు లోపలికి లాగి, వేళ్లు జేబులోకి దూర్చి, గీసుకుపోతున్నా సరే అని ఫోను బయటికి లాగింది. బండి నేర్పిన జైనబ్‌కు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇవాళ సెలవు దొరక్క పనికి పోయింది, మైదానంలో ఉన్నంతసేపు ఆ పిల్ల ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తుంది, ఆ సంగతి ఈమెకు తెలియనిది కాదు. జైనబ్ వాళ్లది షాపు వెనక సందే, తాతల నాటి నుంచి గోనె సంచుల వ్యాపారం, ఈ గోదాంలోని చింతపండంతా వాళ్ల సంచుల్లో పడుకున్నదే. శంషాబాద్ అవతల ఏటీవీలు నడిపించే ఆటల మైదానం ఒకటి ఉంటే అక్కడ ఆడవాళ్లకు నేర్పే ఉద్యోగం దానిది. ఒకనాడు సంచుల లెక్క చెప్పడానికి వచ్చినప్పుడు ఆయన పడ్డాక తోట నుంచి తెచ్చి టార్పాలిన్ కింద కప్పేసిన బండిని చూసి ఆగింది, ఎవరిదని అడగలేదు, గల్లీకంతా తెలుసు. అప్పుడు వాసవాంబ అంది, దీన్ని నడుపుడు నాకు నేర్పుతావా అని. ఎందుకు అన్నదో ఆ పిల్ల అడగకపోవడమే మేలయింది. నడపడం వచ్చాక, ముందు చక్రాలు లేపుడు నేర్పమంది. అప్పుడు మాత్రం జైనబ్ హెల్మెట్టు తీసి బస్తా మీద కూర్చుని ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "లేపుడు ఎవరికైనా వస్తది ఆంటీ. దించుడే రావాలె. దించుడు నేర్చుకుంటనంటే చెప్పు, లేపుడు దానంతటదే వస్తది" అంది.

దించుడు ఎంత కష్టమో అప్పటిదాకా ఎవరు చెప్పినా నమ్మేది కాదు. స్కూటీకి పిడికిలి తిప్పాలి, దీనికి అదేం లేదు, కుడి బొటనవేలి కింద చిన్న ఇనప రెక్క ఉంటుంది, అది నొక్కితే ఇంజను ఉరుకుతుంది. ఎడమ చేతి కింద బ్రేకు, అది వెనక చక్రాలను పట్టుకుంటుంది. వెనక్కి జరిగి కూర్చోవాలి, చేతులు చాపాలి, బొటనవేలు ఒక్కసారి నొక్కాలి, ముందుభాగం లేస్తుంది, లేచిన మరుక్షణం బొటనవేలు తీసేయాలి, ఎడమ చేతితో బ్రేకు పట్టాలి, అంతే, ముందు చక్రాలు టప్పున నేల మీదికొస్తాయి. చెబితే ఇంత, చేస్తే కొండంత. మొదటిరోజు జానెడు లేచింది, లేవగానే ఆమె రెండు చేతులూ బిగుసుకుపోయాయి, బిగుసుకుంటే బొటనవేలూ బిగుసుకుంది, బండి ఇంకా లేచింది, జైనబ్ పక్కనుంచి తన్నినంత పని చేసి ముందు భాగాన్ని కిందికి గుంజింది. "అంగూఠా ఆంటీ, అంగూఠా" అని బొటనవేలు చూపిస్తూనే ఉంది ఆ రోజంతా. ఇంటికి పోయి చపాతీ పిండి కలుపుతుంటే కూడా అదే మాట. చేతికి భయం వేస్తే పట్టుకుంటుంది, పట్టుకుంటే బండి ఇంకా రెచ్చిపోతుంది, ఇదెక్కడి న్యాయం. లోకంలో ఏది పడబోతున్నా పట్టుకోమనే కదా నేర్పారు, పిల్లవాడు మెట్ల మీద ఉంటే పట్టుకో, పాలగిన్నె పొంగుతుంటే పట్టుకో, బస్సు కదిలితే పట్టుకో. దీన్ని మాత్రం వదలాలట. జైనబ్ ఇంకొకటి కూడా చెప్పింది, లేచేటప్పుడు ఒక జాగా వస్తదట, అక్కడ బండికి బరువుండదట, వాళ్లు దాన్ని సుకూన్ అంటారట, అంటే నిమ్మళం, అక్కడ చేయి నెమ్మదిగా ఉన్నవాళ్లు ఎంతసేపంటే అంతసేపు ఉండొచ్చు, దాన్ని దాటితే మాత్రం వెనక్కే. నువ్వు ఆ జాగా దాకా పోవద్దు ఆంటీ, నేను లేనప్పుడు అసలు ఎక్కనే ఎక్కద్దు అని ఒట్టు వేయించుకుంది. వేసింది. ఇవాళ తప్పింది. ఆ జాగా చూడకపోతే ఇన్ని శుక్రవారాల నేర్పూ దండగ అనిపించింది, ఎందుకంటే ఆయన పోయింది అక్కడికే, జానెడెత్తుకు కాదు.

తోట చివర మట్టి కట్ట, నిట్టనిలువుగా ఉంటుంది, ఎక్కడానికి పక్కనుంచి బాట ఉంది. పక్కనుంచి పోతే ఆయన వెంకటనారాయణ ఎట్లవుతాడు. ఆమె కింద టిఫిను డబ్బా పట్టుకుని నిలబడింది, పులిహోర, వడియాలు, వడియాలు మెత్తబడిపోతాయని ఒకటే తొందర. చూడవే అన్నాడు. చూసింది. బండి కట్ట మీదికి సగం ఎక్కింది, ముందు చక్రాలు మట్టిని వదిలేశాయి, ఆయన నవ్వుతున్నాడు, వెనక నుంచి భుజాలు కదలడం కనిపించింది, చిన్నపిల్లవాడి నవ్వు, పెళ్లయినప్పుడు కూడా అట్ల నవ్వలేదు మహానుభావుడు. అప్పుడు ఆమె అరిచింది. గట్టిగా పట్టుకోండ్రి అని అరిచింది. పక్కన ఇంకెవరూ లేరు, అక్షయ్ మోటారు దగ్గర ఉన్నాడు, మామిడి చెట్లకు చెవులుంటే అవి విన్నాయి. ఆమె అరవడం, ఇంజను ఇంకా గట్టిగా మొరగడం, బండి లేచి ఆయన మీదికి తిరగబడడం, ఒకదాని వెంట ఒకటి. ఏ మాట తర్వాత ఏ చప్పుడో ఎన్ని రాత్రులు నెమరేసుకున్నా అదే వరస. అప్పుడు తెలియదు. ఈ గోదాంలో మొదటి రోజున జైనబ్ బొటనవేలు తీయమన్నప్పుడు తెలిసింది, తెలిసి బండి దిగి ఆ బస్తాల వెనక్కి పోయి వాంతి చేసుకుంది. పట్టుకొమ్మని చెప్పింది తను. వదలమని చెప్పవలసిన చోట.

ఒక్కటే ఆశ ఉంది ఆమెకు, బయట చెబితే ఎవరైనా నవ్వుతారు. ఆ మనిషి ఏనాడూ ఆమె మాట విన్నవాడు కాదు. కుడికి పోదామంటే ఎడమకు పోయాడు, మబ్బు పట్టింది మిర్చి లోపల పెట్టించండంటే పెట్టించలేదు, తడిసింది, అయినా తప్పు మబ్బుదే. ఆడపడుచు పెళ్లి మాటల్లో ఆమె ఒక్క ముక్క చెప్పబోతే లోపల కాఫీ చూడమన్నాడు. పక్కన కూర్చుని చెబుతుంటే పేపరు తిప్పుకునేవాడు, ఊఁ అనేవాడు, ఏమన్నానో చెప్పండంటే చెప్పలేకపోయేవాడు. ఎంత ఏడ్చింది దాని గురించి, పుట్టింటికి పోయి అమ్మ దగ్గర ఎన్నిసార్లు ఎత్తిపోసింది, నా మాటంటే గోడకు చెప్పినట్టే అని. ఇప్పుడు అదే కావాలి. రోజూ పొద్దున ఆయనకు ఒళ్లు తుడుస్తూ, పక్కకు తిప్పుతూ, నడుము కింద దిండు సర్దుతూ ఆమె కోరుకునేది ఒక్కటే, ఆ రోజు కూడా వినలేదని, ఎప్పటిలాగే ఈయన నా మాట గాలికి వదిలేశాడని. అడిగితే తేలిపోతుంది. అడగలేదు. ఆయనా అనలేదు. కానీ ఆమె తిప్పేటప్పుడు గోడ వైపు తిప్పితే గోడనే చూస్తాడు, గుమ్మం వైపు తిప్పితే కళ్లు మూసుకుంటాడు. ఆయనను చూసుకోవడానికి పెట్టుకున్న నాగమణమ్మ వచ్చి కూర్చుంటే మాత్రం దానితో కూరగాయల ధరల మీద కూడా వాదిస్తాడు.

హ్యాండిలు అందుకుని తోసింది. బండి పైభాగం కొంచెం అవతలికి పోయింది, పోతూనే వెనక చక్రాలు ఆమె వైపు దొర్లాయి, కడ్డీ పాదం మీద ఇంకొంచెం ఎక్కింది. అమ్మా అనుకుంది, వదిలేసింది, బండి మళ్లీ వచ్చి గుండెల మీద ఒరిగింది. ఈసారి వీపు ఆనించి తోసింది, వెనక గోనె సంచులు మెత్తగా లోపలికి పోయాయి గాని బండి పోలేదు. ఇంకోసారి. ఇంకోసారి. తోసినకొద్దీ కింద బిగుసుకుంటోంది, ఊరుకుంటే పైన బరువవుతోంది, చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి హెల్మెట్టు అడ్డం. పెట్రోలు వాసన, చింతపండు వాసన, వేడెక్కిన రేకుల వాసన. పైకి చూడడం తప్ప చేసే పని లేదు. రేకుల మధ్య ఒక చోట వెలుగు కోసం వేసిన పారదర్శకమైన రేకు ఉంది, దాని మీద పావురం నడుస్తోంది, కింద నుంచి దాని కాళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఎర్రగా, నడుస్తాయి, ఆగుతాయి, మళ్లీ నడుస్తాయి. ఆ పావురం ఎటు పోయినా ఈమె అటే చూడాలి. ఆయన గదిలో పైన ఫ్యాను. దాని మూడు రెక్కల్లో ఒకదానికి తుప్పు మరక ఉందని ఆయన ఒకసారి అంటే, ఇంటి నిండా పని పెట్టుకుని ఫ్యాను రెక్కలెవరు చూస్తారండి అని విసుక్కుంది. ఈయన చూస్తాడు. ఈయనకు ఇంకేముంది చూడడానికి. కాళ్లు తనవే, కనిపిస్తూనే ఉన్నాయి, రమ్మంటే రావు. దాహం వేస్తే ఎవరో వచ్చేదాకా దాహంగానే ఉండాలి. ఒక గంట కూడా కాలేదు నాకు, ఆయనకు రెండేళ్లు, అనుకోగానే ఏడుపొచ్చింది, హెల్మెట్టు లోపల ఏడిస్తే తన ఏడుపు తనకే పెద్దగా వినపడుతుందని అప్పుడే తెలిసింది.

ఏడుపు వినపడి, ఆగింది. ఇంకేం వినపడడం లేదు. మైకులో బయాన్ అయిపోయినట్టుంది, నమాజు మొదలుకాబోయే ముందు ఉండే నిశ్శబ్దం, పావురం కాళ్లు రేకు మీద గీరే చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత నిశ్శబ్దంలోనే కదా ఇందాక లేపింది. వెనక్కి జరిగింది, చేతులు చాపింది, బొటనవేలు నొక్కింది, మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది, అప్పుడు వచ్చింది ఆ జాగా. జైనబ్ చెప్పింది నిజమే. బరువు లేదు. చేతులకు బండి లేదు, నడుముకు సీటు లేదు, పొద్దుటి నుంచి నొప్పెడుతున్న మెడ లేదు. ఎంత హాయిగా ఉందంటే ఆయన ఎందుకు నవ్వాడో అర్థమైంది, ఆమెకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకముందే బండి ఇంకొంచెం వెనక్కి వచ్చింది, అంగూఠా అని లోపల ఎవరో అన్నారు, ఆ మాట స్పష్టంగా వినపడింది, వినపడినా చేయి వదలలేదు. పట్టుకుంది. రెండు చేతులూ ప్రాణం పోయేటట్టు పట్టుకున్నాయి. ఎవరు చెప్పారు పట్టుకొమ్మని? ఆమె పావురం కాళ్లను చూస్తూ మళ్లీ తనను తానే అడిగింది, ఎవరు చెప్పారు. షట్టర్ దించి ఉంది. గోదాంలో ఎవరూ లేరు. ఎన్నో శుక్రవారాలుగా వదులు వదులు అని చెవిలో పోయించుకున్న మనిషి, వదలడం ఒక్కటే నేర్చుకోవడానికి వచ్చిన మనిషి, ఆ క్షణాన వదలలేదు. ఎవరూ అరవలేదు, అయినా చేయి పట్టుకుంది. అంటే ఆ రోజు తను నోరు మూసుకుని ఉన్నా, ఒక పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నా, ఆయన చేయి పట్టుకునేదే. ఇది నిజమేనా, తప్పించుకోవడానికి అల్లుకున్నదా అని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. పాదం అంత నొప్పిగా ఉంది, అది అల్లుకున్నది కాదు.

చేతిలో ఫోను మోగింది. ఇంటి నుంచి. గొంతు సవరించుకుని, హెల్మెట్టు ఒక చెవి మీది నుంచి లేపి, మామూలుగా మాట్లాడింది, చింతపండుకు పురుగు పట్టింది, ఏరుతున్నా, నాగమణమ్మను అన్నం పెట్టమనండి, గిన్నె మీద మూత ఉంది అని.

"ఎక్కడ పండుకున్నవే?" అన్నాడు ఆయన.

పడుకోవడమేంటి, పురుగులు ఏరుతుంటే అంది. గుండెల మీద బరువుంటే గొంతు గట్లనే వస్తది, నాకు తెల్వదా, అన్నాడాయన. ఆయనే అన్నాడు, ఆ బండేనా అని. శుక్రవారం శుక్రవారం ఆమె చేతులు పెట్రోలు వాసన వస్తాయట, సబ్బుతో ఎంత రుద్దుకున్నా వస్తాయట, తనను పక్కకు తిప్పినప్పుడు ఆ చేయి మొహం పక్కనుంచే పోతుంది కదా అన్నాడు. ఎన్ని వారాలుగా తెలుసు ఈ మనిషికి. అక్షయ్‌ని పంపనా అని అడిగాడు. వద్దంది. ఆయన కూడా వద్దనే అన్నాడు, వాడు తట్టుకోడు. తర్వాత ఎట్ల పడ్డదో చెప్పమన్నాడు, కాలు ఎక్కడ, కడ్డీ ఎక్కడ, చక్రాలు నేల మీదనే ఉన్నాయా. ఆమె చెప్పింది. పేపరు తిప్పుకోకుండా విన్నాడు, మధ్యలో ఊఁ అనకుండా విన్నాడు. తోస్తే చక్రాలు నా మీదికే దొర్లుతున్నయండి అంది.

"బిరేకు పట్టకుంట నూకితే గట్లనే అయితది. ఎడమ చేతిది పట్టు. ముందుగాల పట్టు, తర్వాత నూకు. చక్రాలు తిరగయి, బండి మొత్తం ఒక్కటే దిక్కు పోతది. నేను మస్తుసార్లు చేసిన."

ఎప్పుడు చేశారు అనబోయి ఆగింది. ఎప్పుడంటే ఏముంది, రెండేళ్లుగా, ఫ్యాను కింద, కాళ్లు కదలకుండా. ఆమె నెమరేసుకున్న ఆ క్షణాన్నే అదే గదిలో ఆయనా రాత్రిళ్లు నెమరేసుకుంటున్నాడు, ఇద్దరి మంచాల మధ్య నాగమణమ్మ చాప పట్టేంత జాగా. ఫోను స్పీకరు పెట్టి గోనె సంచి మీద పెట్టింది. రెండు చేతులూ పైకి చాపింది, ఎడమ చేతి వేళ్లతో బ్రేకు పట్టుకుంది, చక్రాలు కింద టక్కున బిగుసుకోవడం పాదానికి తెలిసింది. నూకు అన్నాడాయన. నూకింది. బండి కదిలి, నిటారుగా ఒక్క క్షణం ఆగి, ఈసారి వెనక్కి రాకుండా అవతలికి ఒరిగింది, కడ్డీ పాదం మీది నుంచి లేచిపోయింది, హ్యాండిలు చేతుల్లోంచి జారి ముందుకు పోతుంటే వదలాలని ఎవరూ చెప్పకుండానే వదిలేసింది, ముందు చక్రాలు నేలను కొట్టిన చప్పుడుకు పావురం లేచిపోయింది, దుమ్ము మళ్లీ లేచింది. ఏమైంది, ఏమైందే అని ఫోను అరుస్తోంది. దిగింది అంది ఆమె. హెల్మెట్టు తీసి, పాదం ఒళ్లోకి తీసుకుని, బూటు విప్పింది. వాచింది, వేళ్లు కదులుతున్నాయి. ఇంక లేచి గడియ తీయొచ్చు, ఇంటికి పోవచ్చు. లేవలేదు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పటికీ అడగలేననుకుంది.

"ఆ దినం నేను కింద నిలబడి ఒక మాటన్న. మీకు వినపడ్డదా?"

ఫోనులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. వినపడలేదనాలి, ఈ మనిషికి అబద్ధమాడడం రాదు, వచ్చి ఉంటే బాగుండు.

"వినపడ్డది. గట్టిగ పట్టుకోండ్రి అన్నవ్. పట్టుకున్న."

కోపంగా అనలేదు. షాపులో సరుకు వచ్చిందా అంటే వచ్చింది అన్నట్టు అన్నాడు. అందులోనే రెండేళ్లూ ఉన్నాయి, గోడ వైపు చూసిన చూపులు, మూసుకున్న కళ్లు, అన్నీ. జీవితమంతా వినని మనిషి ఆ ఒక్కనాడు విన్నాడు, విని ఇట్లయ్యాడు, ఆ మాట ఆమెతో అనలేక, అనకుండా ఉండలేక పడి ఉన్నాడు. ఆమె ఊహించింది నిజమే. ఇంత భయపడ్డ మాట చెవిన పడ్డాక భయం పోయింది గాని బాధ ఎక్కడికీ పోలేదు. నమాజు అయిపోయినట్టుంది, గల్లీలో చెప్పుల చప్పుడు మొదలైంది, ఎవరో ఎవరినో సలాం అని పలకరిస్తున్నారు, ఎదుటి షట్టరు గరగర పైకి పోయింది. ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"ఇయ్యాల నాకు ఎవ్వరు చెప్పలే. గోదాంల నేనొక్కదాన్నే ఉన్న. వదలాలె అని మస్తు నేర్చుకున్న. అయినా పట్టుకున్న. ఎవ్వరు అనకున్నా చెయ్యి పట్టుకుంటదండి."

ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. ఆయన ఊపిరి మాత్రం వినపడుతోంది, పక్కకు తిప్పేటప్పుడు వచ్చే ఊపిరి, బిగపట్టి వదిలేది. ఫోను పెట్టేశాడేమోనని చూసింది, పెట్టలేదు.

"ఎవ్వరు అనకున్నానా?" అన్నాడు. గొంతు ఆయనది కాదు.

ఎవ్వరు అనకున్నా అంది. ఆయన మళ్లీ అదే అడిగాడు, వినపడక కాదు, ఇంకోసారి వినాలని. బయట గల్లీ నిండిపోయింది, ట్రాలీలు కదిలాయి, హమాలీ ఒకడు ఎవరి మీదో అరుస్తున్నాడు, ఈ గోలలో ఎక్కడ ఒక ముక్క తప్పిపోతుందోనని ఆమె ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని ఆ మాట మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పింది.